వేడి పలక మీద పదిహేను సెకన్లు

గుండ్రటి లోహపు పలక. దాని వేడి 55 డిగ్రీల సెల్సియస్, అటూ ఇటూ అర డిగ్రీ. చుట్టూ గాజు గోడ. 25 గ్రాముల బరువున్న తెల్ల చిట్టెలుకను ఆ పలక మీద వదిలి, అదే క్షణంలో స్టాప్‌వాచ్ నొక్కుతారు. మొదటి ఒకటి రెండు సెకన్లు అది మూతి కదుపుతూ వాసన చూస్తుంది. తర్వాత ముందుకాళ్లు ఎత్తి నాక్కుంటుంది. దాన్ని లెక్కలోకి తీసుకోరు, ఎందుకంటే ఒళ్లు శుభ్రం చేసుకునేటప్పుడు కూడా చిట్టెలుక అదే పని చేస్తుంది. వెనక కాలు నాకినా, పైకి దూకినా వాచీ ఆపుతారు. ఏ మందూ ఇవ్వని చిట్టెలుక సాధారణంగా 10 సెకన్ల లోపే ఈ పని చేస్తుంది. 15 సెకన్లు దాటితే నాకినా నాకకపోయినా తీసేస్తారు. దాని అరికాలు కాలకూడదు.

ఒక ఆకులో నొప్పిని తగ్గించే గుణం ఉందా అని అడిగితే ప్రయోగశాల ఇచ్చే మొదటి జవాబు ఈ కొద్ది సెకన్ల తేడాలోంచే వస్తుంది. ఆకు సారం తాగిన చిట్టెలుక 6 సెకన్లకు బదులు 11 సెకన్లకు కాలు నాకితే ఆ ఐదు సెకన్లే సాక్ష్యం. వూల్ఫ్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు 1944లో ఈ పద్ధతిని ప్రకటించారు. ఎనభై ఏళ్లు గడిచినా అది ప్రయోగశాలల్లోంచి పోలేదు. మన రెండు రాష్ట్రాల్లో ఎంఫార్మసీ చదివిన ఎవరినడిగినా హాట్ ప్లేట్ గురించి చెబుతారు. ఏ ఊరి ఆకు తెచ్చినా, ఏ చెట్టు బెరడు తెచ్చినా ముందు దాని మీద పరీక్షించాల్సిందే.

ఈ వ్యాసం పొడుగునా మనతో నడవడానికి ఒక ఆకును ఎంచుకున్నాను: వావిలి. వాగు గట్ల మీద, చేల కంచెల్లో పెరిగే పొద అది. పశువులు పెద్దగా ముట్టవు. ఒక్కో కాడకు మూడో ఐదో ఆకులు, కింది వైపు తెల్లటి నూగు, కొమ్మ చివర లేత ఊదారంగు పూల గుత్తులు. ఆయుర్వేదం నిర్గుండి అంటుంది. వినాయక చవితి నాటి ఇరవై ఒక్క పత్రిలో సింధువార పత్రం ఇదే. తలనొప్పికి ఆవిరి పడతారు, కీళ్ల వాపుకు వెచ్చచేసి కడతారు. అన్నిటికన్నా మనకు బాగా తెలిసింది బాలింత స్నానం. మా ఇంట్లో స్నానానికి ముందు రోజే వావిలి మండలు తెచ్చి దొడ్లో పడేసేవాళ్లు. కాగులో నీళ్లు మరిగేటప్పుడు ఇల్లంతా కమ్మేసే ఆ ఘాటు వాసన తెలిసినవాళ్లకు ఇంకేమీ చెప్పక్కర్లేదు.

స్నానం చేసిన బాలింత ‘నడుం తేలికపడింది’ అంటుంది. ఆమె మాట నిజం. నొప్పి గురించి ఆమెకన్నా తెలిసినవాళ్లు ఇంకెవరూ ఉండరు. అయితే తేలికపరిచింది వావిలాకేనా?

ఆ స్నానంలో ఆకుతో పాటు చాలా ఉన్నాయి. నీళ్ల వేడి ఉంది. బిగిసిన కండరాన్ని వేడి వదులు చేస్తుంది. వీపు రుద్దే పెద్దావిడ చెయ్యి ఉంది. దెబ్బ తగలగానే ఆ చోటును మనమే రుద్దుకుంటాం కదా. రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 1965లో ప్రకటించిన ‘గేటు’ సిద్ధాంతం దీనికి కారణం చెప్పింది. స్పర్శను మోసే లావు నరాల సంకేతాలు వెన్నుపాములోకి చేరితే, నొప్పిని మోసే సన్న నరాల సంకేతాలకు దారి ఇరుకవుతుంది. ఇక కాలం సంగతి. పురుడొచ్చిన పదిహేను రోజులకు నడుంనొప్పి ఎలాగూ కొంత తగ్గుతుంది. చివరగా, తన కోసం నలుగురు కష్టపడుతున్నారన్న నెమ్మది. ఇవన్నీ నిజమైన ఉపశమనాలే, వేటినీ చిన్నచూపు చూడనక్కర్లేదు. కాకపోతే ఆకు చేసిన పని ఎంతో తెలియాలంటే వీటన్నిటినీ పక్కకు జరిపి దాన్ని ఒంటరిగా నిలబెట్టాలి. ప్రయోగశాల చేసే పని అదే. అనుకున్నంత తేలిక కాదు.

ఆకు సీసాలోకి ఎలా వస్తుంది

ముందు ఆ ఆకు వావిలే అని రుజువు కావాలి. కొమ్మను కాగితాల మధ్య అదిమి ఎండబెట్టి, వృక్షశాస్త్రవేత్తకు చూపించి, పేరు రాయించి, ఆ నమూనాకు ఒక సంఖ్య వేసి భద్రపరుస్తారు. రేపు ఎవరైనా ఫలితాన్ని అనుమానిస్తే ఆ నమూనా దగ్గరికే పోవాలి. తర్వాత ఆకును నీడన ఆరబెట్టి దంచుతారు. ఆ పొడిని సాక్స్‌లెట్ పరికరంలో పోస్తారు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రాంజ్ ఫాన్ సాక్స్‌లెట్ 1879లో పాలలోని కొవ్వును కొలవడానికి దాన్ని రూపొందించారు. కింది కుప్పెలో ద్రావకం మరిగి ఆవిరవుతుంది, పైన చల్లబడి పొడి మీద చుక్కలుగా పడుతుంది, నిండగానే సారంతో సహా కుప్పెలోకి దిగుతుంది, మళ్లీ మరుగుతుంది. గంటల తరబడి అదే తంతు. ఎప్పటికప్పుడు తాజా ద్రావకమే ఆకును కడుగుతుంది కాబట్టి తక్కువ ద్రావకంతో ఎక్కువ సారం దిగుతుంది. చివరికి ద్రావకాన్ని ఆవిరి చేసేస్తే అడుగున ముదురాకుపచ్చ జిగురు మిగులుతుంది. సారం అంటే అది.

ఇక్కడే నాకు ఒక అభ్యంతరం ఉంది. మన అమ్మమ్మలు వాడిన ద్రావకం నీళ్లు. ప్రయోగశాలలు ఎక్కువగా వాడేది మిథనాల్, ఇథనాల్, పెట్రోలియం ఈథర్. నీళ్లలోకి దిగేవి వేరు, ఆల్కహాల్‌లోకి దిగేవి వేరు, ఈథర్‌లోకి దిగే కొవ్వులు, మైనాలు పూర్తిగా వేరు. వావిలాకు ఘాటు వాసనకు కారణమైన తేలికపాటి నూనెలు ద్రావకాన్ని ఎగరగొట్టేటప్పుడు దానితో పాటే చాలావరకు ఎగిరిపోతాయి. చివరికి చిట్టెలుకకు తాగించే పదార్థానికీ బాలింత ఒంటి మీద పోసిన నీళ్లకూ పేరులో తప్ప పోలిక మిగలకపోవచ్చు. మిథనాల్ సారం పనిచేసినంత మాత్రాన ‘మన సంప్రదాయం రుజువైంది’ అని రాయకూడదు. అది పనిచేయకపోతే సంప్రదాయం తప్పిందనీ రాయకూడదు. శ్రీలంక పరిశోధకులు 2003లో ఆ తేడా పాటించారు. ముదిరిన తాజా వావిలాకుల నీటి సారాన్నే తీసి ఎలుకలకు తాగించి, వాపు, నొప్పి రెండూ తగ్గినట్టు ప్రచురించారు. అక్కడా తాగించారే తప్ప ఒంటి మీద పోయలేదు. అయినా మన కాగుకు ఒక అడుగు దగ్గరికి వచ్చిన పరీక్ష అది.

తర్వాత మోతాదు. మొదట ఆ సారం విషమా కాదా చూస్తారు. అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం కిలో శరీర బరువుకు 2,000 మిల్లీగ్రాముల దాకా ఇచ్చి జంతువులను 14 రోజులు గమనిస్తారు. ఏ హానీ లేకపోతే అందులో పదో వంతు, అంటే కిలోకు 200 మిల్లీగ్రాములు, పరీక్ష మోతాదుగా తీసుకోవడం మామూలు. 25 గ్రాముల చిట్టెలుకకు అది 5 మిల్లీగ్రాములు. మనిషి లెక్క ఎంత? చిన్న జంతువు ఒంట్లో మందు త్వరగా ఖర్చవుతుంది కాబట్టి చిట్టెలుక మోతాదును నేరుగా కిలోలతో హెచ్చించకూడదు, సుమారు 12తో భాగించాలి. అలా చూస్తే మనిషికి కిలోకు 16 మిల్లీగ్రాములు, 60 కిలోల మనిషికి దాదాపు ఒక గ్రాము సారం. నూరు గ్రాముల ఎండాకుకు పది గ్రాముల సారం దిగిందనుకుంటే పది గ్రాముల ఎండాకు. మింగదగ్గ మోతాదే. అదే చిట్టెలుకకు కిలోకు 1,000 మిల్లీగ్రాములు ఇస్తేగానీ పనిచేయలేదంటే మనిషికి ప్రతిసారీ 50 గ్రాముల ఎండాకు కావాలి. ఆ ఫలితం కాగితం మీద గొప్పగా ఉన్నా రోగికి ఉపయోగపడదు. చాలా వ్యాసాల్లో ఈ చిన్న గుణకారం కనపడదు. ఎవరూ అడగకపోవడమే కారణమని నా అనుమానం.

చిట్టెలుకను ఏమని అడుగుతున్నాం?

నొప్పి పరీక్షలన్నీ ఒకే ప్రశ్న అడగవు. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఇదే.

వేడి పలక కన్నా మూడేళ్ల ముందు, 1941లో, డామోర్, స్మిత్ అనేవాళ్లు తోక పరీక్షను ప్రకటించారు. ఎలుక తోక మీద ఒక చోట వేడి వెలుగు కిరణాన్ని పడేలా చేస్తారు, తోక చటుక్కున పక్కకు లాక్కునేదాకా కాలం కొలుస్తారు. చూడటానికి వేడి పలక లాంటిదే. కానీ తోక లాక్కోవడం వెన్నుపాము స్థాయిలోనే జరిగిపోయే పని. మెదడుతో వెన్నుపాముకు సంబంధం తెంపేసినా తోక కదులుతుంది. కాలు నాక్కోవడానికి, దూకడానికి మెదడు కావాలి. ఒక సారం పలక మీద పనిచేసి తోక దగ్గర పనిచేయకపోతే, అది నొప్పిని మోసే దారిలో పై మెట్టు మీద ఎక్కడో పనిచేస్తోందని ఊహించవచ్చు. ఈ రెంటిలోనూ మార్ఫిన్ బాగా తేలుతుంది. ఆస్పిరిన్ దాదాపు విఫలమవుతుంది. ఆస్పిరిన్ మంచి మందే. గాయపడిన కణజాలంలో ప్రోస్టాగ్లాండిన్లు తయారవకుండా అడ్డుకోవడం దాని పని అని జాన్ వేన్ 1971లో చూపించారు. పలక మీద పెట్టిన ఆ కొన్ని సెకన్లలో వాపు ఎక్కడ పుట్టింది గనక అది ఆపడానికి?

ఆ రకం మందులను పట్టుకోవడానికి ఇంకో పరీక్ష వచ్చింది. బాగా పలచన చేసిన ఎసిటిక్ ఆమ్లాన్ని, అంటే వెనిగర్‌కు పులుపునిచ్చే ఆమ్లాన్నే, చిట్టెలుక పొట్టలోకి సూదితో ఎక్కిస్తారు. అది పొట్ట బిగించి, వెనక కాళ్లు చాచి, ఒళ్లు మెలితిప్పుతుంది. అలా ఎన్నిసార్లు మెలితిరిగిందో ఇరవై నిమిషాల పాటు లెక్కపెడతారు. చూడటానికి బాధ కలిగించే పరీక్ష. ఆస్పిరిన్ ఇందులో చక్కగా బయటపడుతుంది. చిక్కేమిటంటే, నొప్పి మందులు కానివి కూడా చాలా బయటపడతాయి. అలర్జీ మాత్రలు, కండరాలు సడలించేవి, మత్తు కలిగించేవి, అన్నీ మెలికల సంఖ్యను తగ్గిస్తాయి. కాబట్టి ఈ ఒక్క పరీక్షతో ‘ఈ ఆకు నొప్పి నివారిణి’ అని తేల్చడం తొందరపాటు. దురదృష్టవశాత్తూ అలాంటి తీర్పులు కొల్లలు.

వీటన్నిటిలో నాకు తెలివైనదిగా తోచేది ఫార్మలిన్ పరీక్ష. డుబ్విసాన్, డెనిస్ 1977లో దాన్ని ప్రకటించారు. వెనక పాదంలోకి చుక్కంత ఫార్మలిన్ ఎక్కిస్తారు. మొదటి ఐదు నిమిషాలు చిట్టెలుక ఆ పాదాన్ని ఆపకుండా నాకుతుంది. అది నరాల చివర్లను రసాయనం సూటిగా తాకిన నొప్పి. తర్వాత కాసేపు అంతా సద్దుమణుగుతుంది. సుమారు పదిహేనో నిమిషానికి మళ్లీ మొదలై ముప్పయ్యో నిమిషం దాటేదాకా సాగుతుంది. ఇది వాపు నొప్పి, దానికి తోడు వెన్నుపాము ఉలికిపాటుకు గురై చిన్న సంకేతాన్ని కూడా పెద్దగా తీసుకునే దశ. మార్ఫిన్ రెండు దశలనూ తగ్గిస్తుంది. ఆస్పిరిన్ కుటుంబం ఎక్కువగా రెండో దశనే తగ్గిస్తుంది. ఒకే జంతువు అరగంటలో రెండు వేరు వేరు నొప్పుల గురించి చెప్పేస్తుంది. ఆ పైన నాలాక్సోన్ అనే మందు సాయపడుతుంది. నల్లమందు కుటుంబం పనిచేసే తలుపులకు అది గొళ్లెం పెడుతుంది. ముందు నాలాక్సోన్ ఇచ్చి తర్వాత ఆకు సారం ఇస్తే ఉపశమనం మాయమైందా, ఆ సారం మార్ఫిన్ నడిచే బాటలోనే నడుస్తోందన్నమాట. మాయం కాకపోతే దాని దారి వేరు.

ఇన్ని చేశాక కూడా ఒక అనుమానం మిగులుతుంది. చిట్టెలుక నొప్పి లేక కాలు నాకలేదా, మత్తులో పడి నాకలేకపోయిందా? అందుకే రోటారాడ్ ఉంది. నెమ్మదిగా తిరిగే కడ్డీ మీద చిట్టెలుకను నిలబెడతారు. మత్తెక్కినది, కండరాలు సడలినది జారి కింద పడుతుంది. సారం తాగి కూడా కడ్డీ మీద నిలిచిన చిట్టెలుక పలక మీద చెప్పిన సాక్ష్యానికే విలువ. అలవాటు చొప్పున వదిలేసే పరీక్ష కూడా ఇదే.

సాక్షినే కలవరపెట్టే విషయం ఇంకొకటి 2014లో తేలింది. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ మోగిల్ బృందం గమనించిందేమిటంటే, ప్రయోగం చేసేది మగవాళ్లయితే చిట్టెలుకలు నొప్పిని తక్కువగా చూపిస్తాయి. మనిషి అక్కడ లేకపోయినా ఫరవాలేదు, మగవాళ్లు వేసుకుని విప్పిన టీషర్టు పక్కన పెట్టినా అంతే. ఆ వాసనకు కలిగే భయమే నొప్పిని అణిచేస్తోంది. పొద్దున ఒక అబ్బాయి మందివ్వని గుంపును, మధ్యాహ్నం ఒక అమ్మాయి సారం తాగిన గుంపును పరీక్షించి ఉంటే ఆ తేడాకు ఆకు బాధ్యత ఎంత? ఏ జంతువు ఏ గుంపులోకి పోవాలో చీటీ తీసినట్టు నిర్ణయించాలి. దేనికి ఏం తాగించారో వాచీ పట్టుకున్న చేతికి తెలియకూడదు. ఈ రెండు నియమాలకూ పైసా ఖర్చు లేదు. అయినా ఆకుల మీద వచ్చే వ్యాసాల్లో వీటి ప్రస్తావన లేనివి ఎన్నో చదివాను. పరీక్షకు వచ్చిన ప్రతి ఆకూ గెలుస్తుంటే అనుమానించాల్సింది ఆకును కాదు, పరీక్షను.

పరీక్షను సరిగ్గా చేయడం పొదుపు మాట మాత్రమే కాదు, దయకు సంబంధించిన మాట కూడా. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం మన దేశంలో 1960లో వచ్చింది. దాని కింద ఏర్పడిన కమిటీ నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో జంతు ప్రయోగాల నైతిక సంఘం అనుమతి లేనిదే చిట్టెలుకను ముట్టుకోకూడదు. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ప్రయోగ జంతువుల కేంద్రం దశాబ్దాలుగా దేశమంతటికీ ఈ చిట్టెలుకలను పెంచి పంపింది. నొప్పి పరీక్షలో జంతువుకు నొప్పి కలిగించక తప్పదు. మిగతా ప్రయోగాల్లో మత్తు ఇస్తే సరిపోతుంది, ఇక్కడ మత్తు ఇస్తే ప్రశ్నే చెడిపోతుంది. అందుకే 15 సెకన్ల హద్దు, తక్కువ గాఢత, వీలైనన్ని తక్కువ జంతువులు. అదే మోగిల్ బృందం 2010లో చిట్టెలుక ముఖంలోనే నొప్పిని చదివే కొలబద్ద తయారుచేసింది. కళ్లు చికిలించడం, ముక్కు, బుగ్గలు ఉబ్బడం, చెవులు వెనక్కి పోవడం, మీసాలు బిగుసుకోవడం, ఒక్కోదానికి సున్నా నుంచి రెండు మార్కులు. ఆ ఫొటోలు చూశాక పొట్ట మెలికలను అంకెలుగా మాత్రమే చదవడం నాకు సాధ్యం కాలేదు. తప్పుగా అల్లిన ప్రయోగంలో నొప్పి పడ్డ చిట్టెలుక దేనికీ కాకుండా నొప్పి పడినట్టే.

కామెరూన్ చెట్టు కథ

పరీక్షలన్నీ సరిగ్గా చేసినా ఫలితం తలకిందులు కావచ్చు. ఈ దశాబ్దంన్నరలో జరిగిన ఒక ఉదంతం అందుకు గొప్ప ఉదాహరణ.

ఆఫ్రికాలోని కామెరూన్‌లో నాక్లియా లాటిఫోలియా అనే చెట్టుంది. మన కడిమి చెట్టుకు దగ్గరి చుట్టం. దాని వేరు బెరడును అక్కడి ప్రజలు నొప్పులకు, జ్వరాలకు వాడతారు. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో మిషెల్ ద వార్, ఆయన సహచరులు ఆ బెరడు సారాన్ని చిట్టెలుకల మీద పరీక్షించారు. నొప్పి తగ్గింది. సారాన్ని భాగాలుగా విడగొట్టి ఏ భాగం పనిచేస్తోందో చూస్తూ, దాన్ని మళ్లీ విడగొడుతూ పోయారు. మొక్కల మందుల వేటలో నడిచే దారే అది. చివర్లో ఒకే ఒక పదార్థం మిగిలింది. దాని నిర్మాణం చూసి నివ్వెరపోయారు. అది ట్రమడాల్. జర్మనీ కంపెనీ ఒకటి కృత్రిమంగా తయారుచేసి 1977 నుంచి అమ్ముతున్న నొప్పి మాత్ర. ఎండు బెరడులో 0.4 శాతానికి పైగా ఉంది. వేరే ప్రయోగశాలల్లోనూ సరిచూసుకుని 2013లో ప్రకటించారు. మనిషి కనిపెట్టాననుకున్న మందును చెట్టు ఎప్పటినుంచో తయారుచేస్తోందన్న వార్త ప్రపంచమంతా పాకింది.

జర్మనీలోని డార్ట్‌మండ్‌లో మిఖాయెల్ ష్పిటెల్లర్, సౌవిక్ కుశారి బృందానికి అది మింగుడుపడలేదు. వాళ్లు కామెరూన్ వెళ్లి ఉత్తరాన, దక్షిణాన నమూనాలు సేకరించారు. దక్షిణాది చెట్లలో ట్రమడాల్ లేదు. ఉత్తరాదిలో ఆ చెట్టులోనే కాదు, పక్కనున్న వేరే జాతుల వేళ్లలో, మట్టిలో, నీళ్లలో కూడా ఉంది. మందు జంతువు ఒంట్లోకి పోయి విరిగినప్పుడు మాత్రమే పుట్టే పదార్థాలు కూడా దానితో పాటు దొరికాయి. రైతులను అడిగితే విషయం బయటపడింది. మండుటెండలో అలుపు లేకుండా పని చేయడానికి వాళ్లు ట్రమడాల్ మాత్రలు వేసుకుంటున్నారు, దుక్కిటెద్దులకూ వేస్తున్నారు. మందు మూత్రంతో, పేడతో మట్టిలోకి దిగి అక్కణ్నుంచి వేళ్లలోకి చేరింది. ఈ సంగతి 2014లో ప్రచురించారు.

వాదం అంతటితో ఆగలేదు. 2016లో కుశారి బృందం రేడియోకార్బన్‌ను ఆశ్రయించింది. బతికున్న మొక్క గాలిలోంచి కార్బన్ తీసుకుంటుంది కాబట్టి దాని ఒంట్లో కార్బన్-14 ఉండి తీరాలి. మాత్రలను పెట్రోలియం నుంచి తయారుచేస్తారు. కోట్ల ఏళ్లు భూమిలో మగ్గిన పెట్రోలియంలో కార్బన్-14 మిగలదు. మరువా పట్టణపు సంతలో కొన్న మాత్రల్లోని ట్రమడాల్‌ను, హుదువు అనే చోట మట్టిలోంచి తీసిన ట్రమడాల్‌ను పక్కపక్కన కొలిచారు. రెండిట్లోనూ కార్బన్-14 లేదు. చెట్టు తయారుచేసిందైతే అలా ఉండటానికి వీల్లేదు.

చిట్టెలుకలు అబద్ధం చెప్పలేదు. వేడి పలక తప్పలేదు. సారంలో నిజంగానే నొప్పి మందు ఉంది, అది చెట్టుది కాదంతే. ఈ కథ చదివినప్పుడల్లా నాకు మన ఊళ్లలో అమ్మే మోకాళ్ల నొప్పుల పొడులు గుర్తొస్తాయి. ‘అంతా మూలికలే’ అని ఇచ్చే పొట్లాల్లో స్టెరాయిడ్లు, నొప్పి మాత్రలు కలిపి ఉండటం, అవి నెలల తరబడి వాడినవాళ్లు ముఖం ఉబ్బి, చక్కెర పెరిగి ఆసుపత్రికి రావడం మన వైద్యులకు కొత్త కాదు. పొడి వేసుకున్న రెండో రోజే మోకాలు పట్టు వదిలితే అది ఆకు మహిమే అయి ఉండాలనేమీ లేదు.

గుంటూరు కారం చెప్పిన రహస్యం

మొక్కల్లోంచి గొప్ప నొప్పి మందులు రాలేదని కాదు. నల్లమందు నుంచి మార్ఫిన్, విల్లో చెట్టు బెరడు మీద మొదలైన వెతుకులాటలోంచి ఆస్పిరిన్ వచ్చిన సంగతి బడి పిల్లలకూ తెలుసు. నాకు ఇష్టమైన కథ మిరపకాయది. కోతల కాలంలో మిరపకాయలు ఏరిన చేతులు రాత్రంతా మండటం, గుంటూరు మిర్చి యార్డు దాటేటప్పుడు గొంతు పట్టేయడం మనకు అనుభవమే. ఆ మంటకు మూలం క్యాప్సైసిన్. నొప్పి పుట్టించే పదార్థం నొప్పి మందు ఎలా అవుతుంది?

అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం క్యాప్సైసిన్‌కు ఏమాత్రం స్పందించని కణాలు తీసుకుని, నొప్పి నరాల నుంచి తెచ్చిన జన్యువులను వాటిలోకి గుంపులు గుంపులుగా చొప్పించింది. ఒక గుంపు స్పందించింది. దాన్ని విడగొట్టుకుంటూ పోతే ఒక్క జన్యువు తేలింది. 1997లో ప్రకటించిన ఆ గ్రాహకం పేరు టీఆర్‌పీవీ1. అది కారానికే కాదు, దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడికీ తెరుచుకుంటుంది. కారం తింటే ‘మండుతోంది’ అని మనం ఎందుకంటామో అప్పుడు తెలిసింది. నరానికి ఆ రెండూ ఒకే కబురు. జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది.

ఈ గ్రాహకం లేకుండా పుట్టించిన చిట్టెలుకలను 2000లో వేడి పలక మీద పెట్టి చూశారు. అవి మామూలు చిట్టెలుకల కన్నా ఆలస్యంగా కాలు నాకాయి. 1944 నుంచి వేలమంది స్టాప్‌వాచ్ పట్టుకుని కొలుస్తున్నదాంట్లో కొంత భాగం, పాదంలోని ఈ చిన్న తలుపు తెరుచుకునే వేగమే. క్యాప్సైసిన్ చర్మం మీద బాగా పడితే ముందు మంట, తర్వాత ఆ నరం చివర్లు అలిసిపోయి, ముడుచుకుపోయి, వారాల పాటు కబురు పంపడం మానేస్తాయి. 8 శాతం క్యాప్సైసిన్ ఉన్న పట్టీ 2009లో అమెరికాలో అనుమతి పొందింది. అక్కి వచ్చి తగ్గాక కూడా నెలల తరబడి వదలని నరాల మంటకు వైద్యుల పర్యవేక్షణలో దాన్ని అంటిస్తారు.

చిట్టెలుక నుంచి మనిషి దగ్గరికి వచ్చేసరికి పరీక్ష ఇంకా కష్టమవుతుంది. మనిషి మాట్లాడగలడు, కానీ ఆశపడగలడు కూడా. 1978లో అమెరికాలో లెవీన్, గోర్డన్, ఫీల్డ్స్ జ్ఞానదంతం పీకించుకున్నవాళ్లకు మందు లేని సూదిమందు ఇచ్చారు. కొందరికి నొప్పి తగ్గింది. ఆ తర్వాత నాలాక్సోన్ ఇస్తే ఆ ఉపశమనం చాలావరకు పోయింది. మందు లేని చోట కూడా ఒళ్లు తన సొంత మార్ఫిన్ లాంటి పదార్థాలు విడుదల చేసిందన్నమాట. నమ్మకం వల్ల తగ్గిన నొప్పి ఉత్తుత్తి తగ్గుదల కాదు, దాని వెనక రసాయనం ఉంది. అలాంటి ప్రత్యర్థిని ఆకు దాటాలి. థాయిలాండ్‌లో 2014లో మోకాళ్ల అరుగుదల ఉన్న 367 మందిలో కొందరికి రోజుకు 1,500 మిల్లీగ్రాముల పసుపు సారం, కొందరికి 1,200 మిల్లీగ్రాముల ఐబూప్రోఫెన్ నాలుగు వారాలు ఇస్తే నొప్పి రెండు గుంపుల్లోనూ ఇంచుమించు ఒకేలా తగ్గింది, పసుపు గుంపులో కడుపు ఇబ్బంది తక్కువ. ఆశ కలిగించే ఫలితమే. అయితే ఉత్తుత్తి మాత్ర వేసుకున్న మూడో గుంపు ఉండి ఉంటే ఆ తగ్గుదలలో నమ్మకం వాటా ఎంతో తెలిసేది.

ఇక మన వావిలి స్నానం. దాన్ని న్యాయంగా పరీక్షించాలంటే ఎలా? ఒకే ఆసుపత్రిలో పురుడు పోసుకున్న తల్లులను చీటీలు తీసి రెండు గుంపులు చేద్దాం. రెండు కాగులు, ఒకే వేడి, అన్నే చెంబులు, రుద్దే చెయ్యి కూడా ఒకటే. ఏ కాగులో ఏముందో రుద్దే ఆవిడకూ తెలియకూడదు. స్నానానికి ముందూ తర్వాతా పది సెంటీమీటర్ల గీత చూపించి, ఒక చివర ‘నొప్పే లేదు’, ఇంకో చివర ‘భరించలేను’ అనుకుంటే మీ నడుంనొప్పి ఎక్కడుందో గీటు పెట్టమని అడుగుదాం. ఇంతవరకూ బాగానే ఉంది. రెండో కాగు దగ్గరే నా ఆలోచన ఆగిపోతోంది. అందులో ఉత్త నీళ్లు పోస్తే వాసన లేదని ఏ తల్లి అయినా మొదటి చెంబుకే చెప్పేస్తుంది. వావిలి నూనె చుక్కలు వేస్తే ఆ నూనె తానే నొప్పి తగ్గించవచ్చు. వేపాకు వేస్తే వాసన వేరు, పైగా దానికీ ఏదో గుణం ఉండవచ్చు. వావిలిలా ఘాటుగా ఉండి, ఏ పనీ చేయని ఆకు కావాలి. కొన్నాళ్లుగా వాగు గట్టున నడిచినప్పుడల్లా చేతికందిన ఆకునల్లా నలిపి వాసన చూస్తున్నాను.